రష్యా పాఠం సగంలో ఆపకండి

ప్రశ్న: నేను గుత్తి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. తొమ్మిదో తరగతిలో రష్యా విప్లవం పాఠం నడుస్తోంది. పిల్లలకు బాగా పడుతుందని, ‘మన ఊరినే రష్యా అనుకుందాం, ఇక్కడ భూస్వామి ఎవరు, కూలీ ఎవరు, కులక్ (రష్యాలో కాస్త కలిగిన రైతుకు వాడిన పేరు) ఎవరు?’ అని అడిగాను. అందరూ ఒక అబ్బాయి వైపు వేలు చూపించారు. వాళ్లకు పద్దెనిమిది ఎకరాల మెట్ట, ఒక ట్రాక్టరు ఉన్నాయి. ఆ రోజు నుంచి వాడి పేరే ‘కులక్’ అయిపోయింది. ‘నీ భూమి ఎప్పుడు పంచుతావురా’ అని ఏడిపిస్తున్నారట. వాడు బడికి రావడం మానేశాడు. తండ్రి వచ్చి, బళ్లో ఎర్రజెండా పాఠాలు ఏంది, ఎంఈఓకు రాస్తానని హెచ్‌ఎం గారి ముందే గట్టిగా అడిగాడు. ఆ గొడవ సద్దుమణగక ముందే యూనియన్‌లో తిరిగే ఇంకో తండ్రి ఫోన్ చేశాడు. స్టాలిన్ కాలంలో కరువు వచ్చిందని చెప్పానట, అదంతా అమెరికా ప్రచారమట. హెచ్‌ఎం గారు, ‘ప్రశ్న-జవాబులు రాయించి ముగించేయమ్మా, మనకెందుకు టెన్షన్’ అంటున్నారు. పిల్లలేమో ‘మేడం, మీరు కమ్యూనిస్టా?’ అని అడుగుతున్నారు. ఈ పాఠం ఎలా ముగించాలి? ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి?
– ఒక సోషల్ టీచర్, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా, పాఠం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లవాడి సంగతి.

వాడు మళ్లీ బడికి వచ్చిన రోజు క్లాసులో నిలబెట్టి ఓదార్చకండి. మిగతా పిల్లల చేత సారీ చెప్పించకండి. పద్నాలుగేళ్ల పిల్లాడికి అది ఇంకో అవమానం. ఎవరూ లేనప్పుడు పిలిచి, ‘ఆ ప్రశ్న నేను అలా అడగకుండా ఉండాల్సింది, ఇందులో నీ తప్పు లేదు, మీ నాన్న తప్పు అసలే లేదు’ అని చెప్పండి. అంత చాలు. మిగతా క్లాసుకు మాత్రం గట్టిగానే చెప్పాలి: పాఠంలో మాట పాఠంలోనే ఉండాలి, ఎవరినీ ఆ మాటతో పిలవకూడదు అని. ఎందుకు పిలవకూడదో తర్వాత పాఠమే వాళ్లకు చెబుతుంది. అక్కడికి వస్తాను.

పాఠంలోకి ఊరిని తేవాలన్న మీ ఆలోచన మంచిదే. అది వదులుకోకండి. కానీ ఊరిని తేవడం వేరు, బతికున్న మనుషుల్ని పేరుపెట్టి తేవడం వేరు. మన పల్లెల్లో భూమి లెక్క వెనక కులం లెక్క ఉంటుంది, పార్టీ లెక్క ఉంటుంది, చాలా ఊళ్లలో పాత కక్షల లెక్క కూడా ఉంటుంది. ‘ఇక్కడ భూస్వామి ఎవరు’ అని టీచర్ అడిగితే పిల్లలు ఇంట్లో విన్న మాటే చెబుతారు. మీరు అడిగింది చరిత్ర, వాళ్లు చెప్పింది ఊరి రాజకీయం. ఇకముందు ఊరి ఉదాహరణ కావాలంటే నూరేళ్ల వెనక్కి వెళ్లండి, లేదంటే పేరులేని ఒక కుటుంబాన్ని బోర్డు మీద మీరే కల్పించండి.

ఆ తండ్రిని మీరే వెళ్లి కలవండి. హెచ్‌ఎం గారి గదిలో వద్దు, వాళ్లింటికే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక విషయం దగ్గర పెట్టుకోండి. మన రాష్ట్రంలో 1973 నాటి భూ పరిమితి చట్టం ప్రకారం ఒక కుటుంబానికి మెట్ట భూమి నేల రకాన్ని బట్టి 35 నుంచి 54 ఎకరాల దాకా ఉండొచ్చు. ఆయనకున్న పద్దెనిమిది ఎకరాలు అందులో చాలా తక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లాలో, బోర్లు ఎండిపోయే చోట, పద్దెనిమిది ఎకరాల వేరుశనగ రైతు ఎంత గొప్పవాడో మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన కోపం కమ్యూనిజం మీద కాదనుకుంటాను. తన కష్టాన్ని బడిలో దోపిడీ కింద లెక్కకట్టారని బాధ. ఆ బాధ తీరితే ఎంఈఓకు ఉత్తరం రాయాలన్న పట్టుదల కూడా తగ్గవచ్చు. తగ్గకపోయినా భయపడకండి. మీరు చెబుతున్నది పుస్తకంలో ఉన్న పాఠమే.

ఇక ఆ పాఠం. దాన్ని కుదించి ప్రశ్న-జవాబులతో ముగించడానికి నేను ఒప్పుకోను. సగం చెప్పి వదిలేసిన పాఠం పూర్తిగా చెప్పని పాఠం కంటే ప్రమాదం. కులక్‌ల దగ్గర ఆగిపోతే మీ క్లాసులో పిల్లలకు మిగిలేది ఆ తిట్టు ఒక్కటే. కాబట్టి సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

1927, 28 నాటికి రష్యా పట్టణాల్లో ధాన్యానికి కొరత వచ్చింది. ప్రభుత్వం నిర్ణయించిన ధరకు రైతులు అమ్మడం లేదు. పెద్ద రైతులు ధాన్యం దాచి ధర పెంచుతున్నారని స్టాలిన్ నమ్మాడు. 1928లో పార్టీ వాళ్లు ఊళ్ల మీద పడి బలవంతంగా ధాన్యం సేకరించారు, కులక్‌ల ఇళ్ల మీద దాడులు చేశారు. అయినా కొరత తీరలేదు. 1929 నుంచి భూములన్నీ సమష్టి క్షేత్రాల్లో, అంటే రైతులంతా కలిసి సాగుచేయాల్సిన ఉమ్మడి పొలాల్లో, కలపాలని బలవంతం మొదలైంది. ఎదురుతిరిగిన రైతులు తమ పశువుల్ని తామే చంపుకున్నారు. 1929 నుంచి 1931 మధ్య రష్యాలో పశువుల సంఖ్య మూడో వంతు తగ్గిపోయింది. 1930 నుంచి 33 దాకా పంటలు దెబ్బతిన్నాయి, కరువులో 40 లక్షల మందికి పైగా చనిపోయారు. ఇవన్నీ ఆ పాఠంలోనే ఉన్న లెక్కలు.

ఇప్పుడు పిల్లలకు ఈ ప్రశ్న వేయండి: ఎవరు కులక్, ఎవరు కాదు అని ఎవరు తేల్చారు? దానికి గట్టి కొలత ఏదీ లేదు. రెండు ఆవులు ఎక్కువున్నవాడు కావచ్చు, కోతకు ఒక కూలీని పిలిచినవాడు కావచ్చు, ఊళ్లో అధికారికి గిట్టనివాడు కావచ్చు. అసలు ఏమీ లేని పేదరైతు కూడా సమష్టి క్షేత్రంలో చేరనంటే వాడు కులక్‌ల తొత్తు అని ముద్ర వేశారు. పేరు జాబితాకెక్కితే భూమీ ఇల్లూ పోయేవి. 1930, 31 రెండేళ్లలోనే దాదాపు 18 లక్షల మందిని ఊళ్ల నుంచి లేపి సైబీరియా లాంటి దూర ప్రాంతాలకు తోలేశారు. ఇంతమంది జీవితాలు ఒక పేరు మీద ఎలా తారుమారయ్యాయో తెలిశాక, మీ క్లాసులో పిల్లలు ఆ పేరుతో ఒకరిని ఏడిపించరు. ఆ అబ్బాయి ప్రస్తావన మీరు తేవద్దు. తేకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

యూనియన్ తండ్రికి ఏం చెప్పాలో మీకు తెలియాలి. కరువు, శిక్షలు అమెరికా కట్టుకథలని ఆయన నమ్మకం. 1956లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ఇరవయ్యో మహాసభలో స్టాలిన్ అకృత్యాలను బయటపెట్టింది ఆ పార్టీ నాయకుడు క్రుశ్చేవే. 1937, 38 రెండేళ్లలో దాదాపు 6 లక్షల 80 వేల మందికి మరణశిక్ష వేసినట్టు చెబుతున్నవి సోవియట్ పోలీసుల సొంత రికార్డులే. ఆయనతో వాదన పెట్టుకోకండి. ఈ రెండు విషయాలు మర్యాదగా చెప్పండి. ఆయనకు ఇంకో మాట కూడా ఇవ్వండి: పాఠం మొదటి సగాన్ని కూడా ఇంత నిజాయతీగానే చెబుతానని. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. ఎందుకంటే కరువు, శిక్షలు మాత్రమే చెప్పి, ఆ జనం ఎందుకు తిరగబడ్డారో చెప్పకపోతే అది కూడా సగం పాఠమే.

1917 ముందు రష్యాలో నూటికి 85 మంది వ్యవసాయం మీదే బతికేవాళ్లు. ఫ్యాక్టరీల్లో రోజుకు పది పన్నెండు గంటల పని, చిన్న కార్ఖానాల్లో పదిహేను గంటలు కూడా. 1905లో అర్జీ ఇవ్వడానికి జార్ (రష్యా చక్రవర్తి) కోటకు వెళ్లిన కార్మికుల మీద తుపాకులు పేల్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షల మంది చచ్చిపోతుంటే పట్టణాల్లో రొట్టె దొరకలేదు. 1917లో అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్ వీధుల్లో సమ్మెకు ముందు నడిచింది ఆడవాళ్లే. మన క్యాలెండరు లెక్కలో అది మార్చి 8. మీ బళ్లో ఏటా జరిపే మహిళా దినోత్సవానికి దీనితో సంబంధం ఉందని ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి. ఇలాంటి చోట చరిత్ర వాళ్ల మనసుకు తగులుతుంది.

విప్లవంతో లెనిన్ పార్టీ వాళ్లు, అంటే బోల్షివిక్‌లు, అధికారంలోకి వచ్చిన కొద్ది నెలల్లోనే, 1918 జనవరిలో, ఎన్నికైన రాజ్యాంగ సభలో వాళ్లకు మెజారిటీ రాకపోతే లెనిన్ ఆ సభనే రద్దు చేశాడు. దీన్ని చాలామంది టీచర్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా లెక్కలో పాఠానికి గుండెకాయ అదే. ఆ తర్వాత జరిగినవాటిలో చాలా వాటికి తలుపు అక్కడే తెరుచుకుంది. ఓడిపోతే దిగిపోవాలన్న నియమం పోయాక, తప్పు చేస్తున్న ప్రభుత్వాన్ని ఆపే దారి జనానికి మిగల్లేదు.

మన జిల్లా పిల్లలకు దీన్ని చెప్పడానికి మన దగ్గరే బ్రహ్మాండమైన ఉదాహరణ ఉంది. దీన్ని వాడకుండా అనంతపురంలో ఈ పాఠం ఎవరైనా ముగిస్తే నాకు బాధేస్తుంది. 1952 ఎన్నికల్లో అనంతపురం నుంచి మద్రాసు అసెంబ్లీకి కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి నిలబడ్డారు. ఆయన మీద కమ్యూనిస్టు పార్టీ తరఫున నిలబడింది తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ స్వయానా బావా బావమరుదులు. గెలిచింది నాగిరెడ్డి. ఓడిన సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. నాగిరెడ్డి 1957లో అనంతపురం నుంచే లోక్‌సభకు వెళ్లారు, తర్వాత మళ్లీ అసెంబ్లీకి వచ్చారు. చివరికి చట్టసభల మీద నమ్మకం పోయి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ రాజకీయాల్లోకి వెళ్లారు. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో అజ్ఞాతంలో ఉండగానే చనిపోయారు. ఒక్క కుటుంబంలో ఇద్దరు, రెండు దారులు. ఏది సరైనదో మీరు చెప్పక్కర్లేదు. ఓట్లతో గెలిచిన మనిషి ఓట్ల దారి ఎందుకు వదిలేశాడు, ఓడిన మనిషి ఏం చేశాడు అని అడిగి చూడండి. పిల్లలు గంటసేపు మాట్లాడతారు.

ఇది అనంతపురం ఒక్కదాని కథ కాదు. కడప నుంచి కమ్యూనిస్టు అభ్యర్థి యెద్దుల ఈశ్వరరెడ్డి 1952, 62, 67, 71లలో నాలుగుసార్లు లోక్‌సభకు గెలిచారు. కర్నూలు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆ రాష్ట్రానికి 1955లో జరిగిన ఎన్నికల్లో అధికారం తమదేనని కమ్యూనిస్టులు అనుకున్నారు. నూటికి 31 ఓట్లు వచ్చాయి, కానీ 196 సీట్లలో గెలిచింది 15. ఓడిపోయారు, ప్రతిపక్షంలో కూర్చున్నారు. రెండేళ్లు తిరిగేసరికి 1957లో కేరళలో ఈఎంఎస్ నంబూద్రిపాద్ నాయకత్వంలో గెలిచి ప్రభుత్వం పెట్టారు. 1959లో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. పెట్రోగ్రాడ్ రాజ్యాంగ సభ, కర్నూలు అసెంబ్లీ, తిరువనంతపురం – ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. కమ్యూనిస్టులు ఓడినప్పుడు ఏం జరిగింది, గెలిచినప్పుడు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ నియమం తప్పారు అని పిల్లలే వెతకాలి. అందులో కొన్ని జవాబులు కమ్యూనిస్టులకు ఇబ్బంది కలిగిస్తాయి, కొన్ని కాంగ్రెస్‌కు. రెండూ చెప్పనివ్వండి.

భూమి గురించి కూడా మన నేలతోనే పోల్చి చూపించవచ్చు. రష్యా ఊళ్లలో భూమిని ఊరి సంఘం కుటుంబాల అవసరాన్ని బట్టి మళ్లీ మళ్లీ పంచేది. మన దత్త మండలాల్లో (రాయలసీమ, బళ్లారి ప్రాంతం) 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్లను అణచి, ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతికి పునాది వేశాడు. అందుకే ఇక్కడ భూమి అంటే మనిషికి తన పేరు మీది పట్టా. నిజాం కింద తెలంగాణలో జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు ఉండేవాళ్లు. 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం అక్కడ జరిగి ఇక్కడ జరగకపోవడానికి ఇదొక కారణం. రష్యాను మన ఊరితో పోల్చమన్నప్పుడు మీకు కావాల్సింది ఈ పోలిక. ఇందులో ఏ పిల్లవాడి ఇంటి పేరూ రాదు.

కరువు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కరువంటే మన పిల్లలకు పుస్తకంలో మాట కాదు, వాళ్ల తాతలు వలసపోయిన కథ. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉంది. జనం చస్తున్నా దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. రష్యా కరువులో కూడా అంతే, 1932, 33లో సోవియట్ ప్రభుత్వం ధాన్యాన్ని బయటి దేశాలకు అమ్ముతూనే ఉంది. ఒకటి సామ్రాజ్యం, ఒకటి కమ్యూనిస్టు రాజ్యం. వాన పడకపోవడం ఒక్కటే మనుషుల్ని చంపదని, గిడ్డంగి తాళం ఎవరి చేతిలో ఉంది, వాళ్లను ఎవరు ప్రశ్నించగలరు అన్నది కూడా చంపుతుందని ఈ రెండూ పక్కన పెడితే తెలుస్తుంది. స్టాలిన్ కరువు గురించి అడిగిన తండ్రికీ, ఎర్రజెండా పాఠం అన్న తండ్రికీ ఇది ఒకే కొలత.

పాఠం 1930ల దగ్గరే ఆపకండి. చైనాలో 1958 తర్వాత వచ్చిన మహా కరువు, కంబోడియాలో 1975 నుంచి 79 దాకా జరిగిన మారణకాండ, 1991లో సోవియట్ యూనియన్ విడిపోవడం – వీటికి ఒక పీరియడ్ చాలు. అలాగే ఎనిమిది గంటల పని కోసం జరిగిన పోరాటాలు కూడా. 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ జరిపిన మే డే, దేశంలో మొదటిది. అప్పుడు మనం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. గుంతకల్లు రైల్వే కార్మికుల పిల్లలు ఎవరైనా మీ క్లాసులో ఉంటే 1974 రైల్వే సమ్మె గురించి ఇంట్లో అడిగి రమ్మనండి. ఇక మన రాజ్యాంగ పీఠికలో సామ్యవాద అన్న మాట 1976లో 42వ సవరణతో చేరింది. దాన్ని తీసేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. బహుళ పార్టీలు, ఎన్నికలు, ఆస్తి ఉన్న మన వ్యవస్థలో ఆ మాటకున్న స్థానం, ఒక్క పార్టీ రాజ్యం – ఈ రెండూ ఒకటి కావని పిల్లలకు విడమరిచి చెప్పండి. పదో తరగతిలో వాళ్లకు మళ్లీ అక్కరకొస్తుంది.

‘మేడం, మీరు కమ్యూనిస్టా?’

ఈ ప్రశ్నకు కోప్పడకండి, నవ్వి దాటేయకండి. పిల్లలు నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నారు. మీకు ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ వాళ్ల మార్కులు మీ చేతిలో ఉన్నాయి. మీరు ఫలానా అని తెలిస్తే, రేపు పరీక్షలో వాళ్లు మీకు నచ్చే జవాబే రాస్తారు, తమకు తోచింది రాయరు. పైగా మీరు ప్రభుత్వోద్యోగి. ప్రవర్తనా నియమావళి ప్రకారం ఏ పార్టీ తరఫునా పనిచేయకూడదు. పిల్లలకు ఆ నియమావళి చదివి వినిపించాల్సిన పని లేదు. ‘నేను ఎవరికి ఓటేస్తానో మీ పదో తరగతి అయిపోయాక అడగండి. ఇప్పుడు మాత్రం నేను ఏ పార్టీ తప్పు చెప్పకుండా దాచానో మీరు నన్ను పట్టుకోవాలి’ అని చెప్పి చూడండి. వాళ్లు నిజంగానే పట్టుకుంటారు. మీ పాఠంలో ఎక్కడ మొగ్గు చూపారో వాళ్లే చెబుతారు. చెప్పినప్పుడు ఒప్పుకోవాలి, లేదా ఆధారం చూపించాలి.

హెచ్‌ఎం గారి టెన్షన్‌ను కూడా తేలిగ్గా తీసుకోకండి. ఫిర్యాదు వస్తే ముందు అడిగేది ఆయన్నే. ఆయనతో ధైర్యం గురించి మాట్లాడకండి, ఒక కాగితం ఇవ్వండి. మిగిలిన పీరియడ్లలో ఏ రోజు ఏ భాగం చెబుతారు, పుస్తకంలో ఏ పేజీ, పిల్లలకు ఏ ప్రశ్న, ఇవి మీ టీచింగ్ డైరీలో ఎలా ఉన్నాయో అలాగే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టించుకోండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఎంఈఓ గారు వస్తే దాన్నే చూపించండి. వీలైతే ఆయన్ను క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, 1952 అనంతపురం ఎన్నిక చెప్పే పీరియడ్ ఆ రోజుకే పెట్టుకోండి.